దొడ్డమ్మ పెట్టుకోని బ్యాడ్జి

హోసూరు పక్క మత్తిగిరిలో పశువుల ఫారం గోడ పొడుగునా నడిచిపోతే చివరన ఒక టైలర్ షాపు ఉంది. బోర్డు మీద లేడీస్ టైలర్ అని ఉంటుంది గానీ, రవికల కన్నా రిబ్బను పువ్వులే ఎక్కువ కుట్టే షాపు అది. పెళ్ళిలో మగపెళ్ళి వాళ్ళు రొమ్ము మీద పెట్టుకొనేవి, గుడి కుంభాభిషేకానికి కమిటీ వాళ్ళు పెట్టుకొనేవి, పార్టీ మీటింగులకు వచ్చే పెద్దమనుషులవి, ఎవరికి బ్యాడ్జీలు కావాల్సినా నళిని దగ్గరికే రావాల. నలభై ఏడేళ్ళ మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపం కూడా నోట్లోనించి రాదు, కత్తెర చప్పుడులో తెలుస్తుంది, అంతే.

ఆమె పుట్టింది కావేరిపట్టణంలో. పదో క్లాసు తప్పినాక కృష్ణగిరిలో ఒక మేస్త్రి దగ్గర కుట్టుపనికి పెట్టినారు. పంచాయతీల్లో ఆడవాళ్ళకని సీట్లు వదిలిపెట్టిన మొదటి ఎలక్షన్ అప్పుడే అయ్యింది. గెలిచిన అధ్యక్షులందరికీ సేలంలో మానాడు పెట్టినారు. మానాడు అంటే మహాసభే, ఈ పక్క అందరూ అట్లే అంటారు. దానికి బ్యాడ్జీలు కుట్టే పని మేస్త్రికి వచ్చింది. సాటిన్ రిబ్బనును మడతలు మడతలుగా పువ్వు చేసి, నడిమధ్య పేరు కార్డు పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి కుట్టాల. కార్డుల మీద ఆడవాళ్ళ పేర్లు చూసి పిల్ల పొంగిపోయింది. నంజమ్మ అధ్యక్షురాలంట! లచ్చుమమ్మ అధ్యక్షురాలంట! వీళ్ళంతా ఎట్లుంటారో, ఏం చీర కట్టుకొని పోతారో అని కలలు కంటా కుట్టింది.

బ్యాడ్జి వెనకాల రేకు క్లిప్పు ఒకటి కుడతారు, చొక్కా జేబుకు తగిలించుకొనేదానికి. ఆడవాళ్ళకు జేబు యాడుంటుంది? ఆ మాటే మేస్త్రికి తోచలేదే అనుకొని, ఆడపేర్లుండే బ్యాడ్జీలన్నిటికీ క్లిప్పులు విప్పేసి, చీర చినగకుండా సన్న పిన్నీసులు కుట్టింది నళిని. మెచ్చుకుంటాడనుకుంది పాపం. మేస్త్రి చూసి అగ్గి మీద గుగ్గిలం అయిపోయినాడు.

"ఎవురమ్మా నిన్ను చెయ్యమనింది? ఎవురు పెట్టుకొంటారో నాకు తెలీదా? క్లిప్పులే ఉండనీ," అన్నాడు.

అప్పటికే సేలం పోయే మనిషి వాకిట్లో నిలబడి ఉండాడు. మళ్ళీ విప్పేదానికి టైము లేదు. పిన్నీసులతోనే పోయినాయి అవి. మేస్త్రి ఎందుకు అట్లా అన్నాడో నళినికి అప్పుడు తెలీలేదు.

తెలిసింది పెళ్ళయి మత్తిగిరికి వచ్చినాక. మొగుడు యతీశ్ కంపెనీలో షిఫ్టు పనికి పోతాడు, మంచోడే. ఈమె కొలతలు తీసుకొనేదానికి ఇండ్లకు పోయేది. ఒక ఇంట్లో చంటిబిడ్డ ఆడుకొనే బొమ్మ మెడకు రిబ్బను పువ్వు కట్టి ఉంది. ఎవరిదమ్మా ఇది అంటే, మా అత్తది, ఆమె వార్డు మెంబరుగా ఉన్నింది, అన్నారు. ఇంకో ఇంట్లో దేవుడి పటం వెనకాల. ఇంకో ఇంట్లో రాగుల డబ్బాలో. అడిగితే ఎవరూ వద్దనలేదు, తీసుకొని పోమ్మా, పాడు పడింది, అన్నారు. అట్లా మొదలయ్యింది. కావేరిపట్టణంలో మొట్టమొదట కౌన్సిలరుగా గెలిచిన ఆమె బ్యాడ్జి దొరికింది. కుత్తువిళక్కు, అంటే దీపపు సెమ్మె గుర్తు మీద ఒంటరిగా నిలబడి, డిపాజిట్టు పోగొట్టుకున్న ఒక మంత్రసాని నోటీసు దొరికింది. ముఖ్యమంత్రి అయిన ఆడమనిషి బొమ్మ ఉండే ఉంగరాలు, విసనకర్రలు, మహిళా మానాడులో పంచిన తువాళ్ళు, అన్నీ ఒక ట్రంకు పెట్టెలో చేరినాయి. ఒక్కోదాని కింద ఎవరిది, ఏ ఊరు, ఏం పదవి అని అట్టముక్క మీద రాసి పెట్టేది.

"ఎందుకే ఈ చెత్తంతా?" అని యతీశ్ ఎన్నిసార్లు అడిగినాడో.

"పంచాయతీ ఆఫీసు రాతి మీద చూడు. ఆమె పేరు చీమంత, మొగుడి పేరు ఏనుగంత. ఈ ఆడోళ్ళు ఉండినారు అనేదానికి ఇంకేముండాది?" అని ఒకసారి గట్టిగా అనేసింది. యతీశ్ మళ్ళీ అడగలేదు.

ఆ తిరుగుడులోనే ఉద్దనపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఒక గొర్రెల కాపరుల పల్లెలో దొడ్డమ్మ అనే ముసలామె దొరికింది. ఆ పంచాయతీకి మొదటి ఆడ అధ్యక్షురాలు. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగింది, కండ్లు మాత్రం బాగా కనిపిస్తాయి. క్యాలెండరు మేకుకు వేలాడతా ఉండే బ్యాడ్జిని తీసి నళిని చేతిలో పెట్టింది. నళిని చూసుకుంటే ఏముంది! తన కుట్టే. ఆ మడత, ఆ దారం, పదో క్లాసు తప్పిన పిల్ల చేతి పని. వెనక్కి తిప్పింది. సన్న పిన్నీసును పీకేసి, ఆ తావున రేకు క్లిప్పు వంకరటింకరగా కుట్టి ఉంది. రిబ్బను అంతా చెమట మరకలు.

"మా ఆయప్ప పెట్టుకున్నాడు," అనింది దొడ్డమ్మ, చచ్చిపోయిన మొగుణ్ణి తలుచుకొని. "సేలానికి ఆయప్పే పోయినాడు. నేను గొర్రెల తావ ఉన్నాను. ఊరికి వచ్చినాక కూడా ఇడిస్తేనా? పెండ్లికి పోతే అదే, స్టేషనుకు పోతే అదే. పండుకొనేటప్పుడు తీసి మేకుకు తగిలించేవాడు. సోమప్ప అధ్యక్షుడు అనే పిలిచినారు చచ్చేదాకా. నేను ఒక్క దినం కూడా పెట్టుకోలేదమ్మా."

"ఎప్పుడూ పెట్టుకోవాలని లేదా అవ్వా?"

ముసలామె నవ్వింది. "సదువు రాదు నాకు. ఆ మేకు కింద పండుకొని చూసి చూసి నా పేరు ఎట్లుంటుందో నేర్చుకున్నాను. అది సాల్లే."

సాలదు, అనుకుంది నళిని. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తా ఏడ్చింది. తన చేత్తో కుట్టిన పిన్నీసు ఒక్కసారైనా ఆ చీరకు ఎక్కాల, నలుగురి ఎదురుగా ఎక్కాల, అని మనసులో గట్టిగా అనుకుంది. ఇంటికి వచ్చి ఆ క్లిప్పు విప్పేసి, మొదట ఉన్నట్టే సన్న పిన్నీసు కుట్టి పెట్టింది.

ఆ ఒక్కసారి వచ్చేసిందనే అనుకుంది, పూర్ణిమ అడిగినప్పుడు. పూర్ణిమ అనంతపురం నించి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం చేసే పిల్ల, రవిక కుట్టించుకొనేదానికి వచ్చి ట్రంకు పెట్టె చూసింది. చూసి నోరు తెరిచేసింది.

"అక్కా, ఇదంతా ఇక్కడ మూలన పెట్టుకున్నారా? మా కంపెనీ తరఫున లోకల్ బాడీ మహిళా ప్రతినిధుల మానాడు పెడుతున్నాం, హోసూరు మండపంలో. పంచాయతీ ప్రెసిడెంట్లంతా వస్తారు. ఇవన్నీ టేబుల్ మీద పరిచి చూపిద్దాం. మీ పేరు కూడా చెప్పిస్తాను."

"నా పేరు వద్దు," అనింది నళిని. "ఒక ముసలామెను స్టేజీ మీదికి పిలవాల. ఆమె బ్యాడ్జి ఆమెకు నేను పెట్టాల. అంతే."

"తప్పకుండా అక్కా!" అని పూర్ణిమ చెయ్యి పట్టుకుంది. మాట ఇచ్చినప్పుడు ఆ పిల్ల నిజంగానే ఇచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పేది.

దొడ్డమ్మను ఒప్పించేదానికి తాతలు దిగివచ్చినారు. నాకేలమ్మా, ఆంజప్పకు తెలిస్తే తిడతాడు, అనింది. ఆంజప్ప ఆమె కొడుకు. ఇప్పుడు ఆ పంచాయతీకి అధ్యక్షురాలు ఆంజప్ప పెండ్లాం కలైవాణి. ఇంకేముంది, మీకు చెప్పేదేముంది, ఊర్లో ఆంజప్పను అధ్యక్షుడు అనే అంటారు. నళిని రెండు మూడు తూర్లు పోయి కూర్చున్నాక ముసలామె మెత్తబడింది. "నువ్వే వచ్చి తోడుకొని పోవాల, నాకు ఆడ ఎవురూ తెలీదు," అనింది. ఊదా రంగు పట్టుచీర ఉండాదని చెప్పింది, దానికి సరిపోయే రవిక నళిని కుట్టి పంపించింది. బ్యాడ్జి బరువుకు చీర జారకుండా, పిన్నీసు పట్టేదానికని రవికకు ఎడమ భుజం తావ లోపల ఒక మడత కూడా పెట్టింది.

మానాడు దినం పొద్దున్నే నళిని మండపానికి పోయింది. హాలు లోపల ఎడమ పక్క టేబులు. ఎర్ర వెల్వెట్ పరిచిన పళ్ళాల్లో బ్యాడ్జీలు, నోటీసులు అన్నీ వరసగా అమర్చి, ఒక్కోదాని కింద అట్టముక్క పెట్టింది. దొడ్డమ్మది నడిమధ్యన. ఆ రోజు వచ్చేవాళ్ళకని తానే కుట్టిన కొత్త బ్యాడ్జీల అట్టపెట్టెను పూర్ణిమకు అప్పగించింది. తన చేత్తో తానే అన్నీ చక్కగా పెట్టి, ఉద్దనపల్లి బస్సు ఎక్కింది.

తర్వాత జరిగింది ఎవరి తప్పని చెప్పేది? సౌండు బాక్సులు పెట్టే వాళ్ళకు ఆ తావు కావాల్సి వచ్చింది. టేబులును పళ్ళాలతో సహా ఎత్తి, వాకిలి దగ్గర పెట్టినారు. వాకిలి దగ్గర ఏముంటుంది? మన పక్క ఏ ఫంక్షన్ అయినా ఉండేదే. గంధం గిన్నె, కుంకుమ, కలకండ పళ్ళెం, పన్నీరు బుడ్డి, పట్టు లంగాలు కట్టుకొని నిలబడిన ఆడపిల్లలు. దాని పక్కనే ఎర్ర వెల్వెట్ మీద బ్యాడ్జీలు. గంధం పక్కన బ్యాడ్జి ఉందంటే దాని అర్థం పుట్టినప్పటినించీ అందరికీ తెలుసు. వచ్చినోళ్ళు గంధం రాసుకున్నారు, కలకండ నోట్లో వేసుకున్నారు, బ్యాడ్జి రొమ్ముకు తగిలించుకున్నారు, లోపలికి పోయినారు. చేతకాని వాళ్ళకు ఆ ఆడపిల్లలే నవ్వతా తగిలించినారు. పాతగా ఉండాయే అని ఒకరిద్దరు అన్నారంట. కాంట్రాక్టు పని కదా, అట్లే ఉంటాయి, అని ఇంకొకరు అన్నారంట. కొత్తవి ఉండే అట్టపెట్టె టేబులు కింద మూత తీయకుండానే ఉంది.

నళిని దొడ్డమ్మ చెయ్యి పట్టుకొని మెట్లెక్కి వచ్చేసరికి పళ్ళాలు ఖాళీ. వెల్వెట్ మీద అట్టముక్కలు మాత్రం వరసగా ఉండాయి. మొదటి ఆడ కౌన్సిలరు, కావేరిపట్టణం. మొదటి ఆడ అధ్యక్షురాలు, ఉద్దనపల్లి పక్క. వాటి పైన ఏమీ లేదు. ఆడపిల్ల ఒకతి నవ్వతా ముందుకు వచ్చి దొడ్డమ్మ మొహం మీద పన్నీరు చల్లింది.

నళిని ముసలామెను వాకిట్లోనే ఇడిసి లోపలికి ఉరికింది. ముందు వరసలు చూస్తే అంతా మగవాళ్ళు. తెల్ల చొక్కాలు, తెల్ల పంచెలు, జేబుల మీద ఆమె ఇరవై ఏండ్ల తిరుగుడు. డిపాజిట్టు పోయిన మంత్రసాని నోటీసుతో ఎవరో మొహానికి గాలి విసురుకుంటా ఉండారు. అధ్యక్షురాండ్లు అందరూ వెనక వరసల్లో, ఒళ్ళో సంచులు పెట్టుకొని కూర్చుని ఉండారు.

"అన్నా, అది పాతదన్నా, చూసేదానికి పెట్టినది, ఇచ్చేయన్నా," అని మొదటాయన్ను అడిగింది.

ఆయన ఆమెను ఎగాదిగా చూసినాడు. "ఏంమ్మా, పిలిచి మర్యాద చేసి మళ్ళీ గుంజుకుంటారా? నలుగురిలో పెట్టిన బ్యాడ్జి తీసేది యాడైనా ఉండాదా?"

రెండో ఆయన పకపకా నవ్వినాడు. మూడో ఆయన తీసి ఇచ్చినాడు గానీ, గుంజి తీసినాడు, రిబ్బను రెండు ముక్కలైపోయింది. ఇంతలో పూర్ణిమ పరిగెత్తుకొని వచ్చింది, మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"అక్కా, నన్ను క్షమించక్కా, నేను స్టేజీ దగ్గర ఉన్నాను, చూసుకోలేదు. ఇప్పుడు గొడవ చేయొద్దక్కా, ఆఫీసర్లు వచ్చేశారు. పోయేటప్పుడు వాకిట్లో ఇచ్చేసి పొమ్మని మైకులో చెప్పిస్తాను. అన్నీ వచ్చేస్తాయి."

"ముసలామెది?" అనింది నళిని. "ఆమెది ఒక్కటి తెప్పియ్యి పూర్ణిమా. మిగతావి పోనీ. నీ కాళ్ళు పట్టుకుంటా, అది ఒక్కటి."

ఎవరి మీద ఉందో ఎవరికి తెలుసు? తెలిసింది ఒక్క దొడ్డమ్మకే. తడిమొహం చెంగుతో తుడుచుకుంటా ఎప్పుడు లోపలికి వచ్చిందో, నళిని పక్కన వచ్చి నిలబడింది. రెండో వరసకు చెయ్యి చూపించింది.

"అదో, అది నాది. నా పేరు కనిపిస్తా ఉండాది."

ఆంజప్ప! కాలు మీద కాలేసుకొని కూర్చుని ఉండాడు. పళ్ళెంలో అధ్యక్షురాలు అని రాసింది ఏదో ఏరుకొని పెట్టుకున్నాడు, పైన ఎవరి పేరుందో కూడా చూడలేదు. సన్న పిన్నీసు జేబు గుడ్డలో గుచ్చి ఉంది.

నళిని ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడే మైకులో పిలిచినారు, ఆ పంచాయతీ అధ్యక్షురాలు కలైవాణి స్టేజీ మీదికి రావాలని. వెనక వరసలో ఎవరూ లేవలేదు. ఆంజప్ప లేచినాడు, పంచె సర్దుకొని మెట్లెక్కినాడు. ఎవరికీ వింతగా అనిపించలేదు. శాలువ కప్పినారు, ఫోటో తీసినారు, చప్పట్లు కొట్టినారు. వెనక్కి తిరిగి చూస్తే కలైవాణి కూడా చప్పట్లు కొడతా ఉంది.

ఆంజప్ప దిగి వస్తా అమ్మను చూసినాడు. "నువ్వేల వచ్చినావు ఈ ఎండలో? ఎవురు తోడుకొచ్చింది?"

"అన్నా, నీ జేబు మీద ఉండేది మీ అమ్మది," అనింది నళిని. "ఇప్పుడే తీసి ఆమెకు పెట్టు. నేను చేతులెత్తి మొక్కతాను."

ఆంజప్ప కిందికి చూసుకున్నాడు. "అమ్మదైతే ఏమి, నాదైతే ఏమి అక్కా? అంతా ఒక ఇంటిదే గదా. ఇప్పుడు ఫోటోలు తీస్తా ఉండారు, తర్వాత చూస్తాంలే." చెడ్డగా కూడా చెప్పలేదు. నవ్వతానే చెప్పి, ఆఫీసర్ల వెంట భోజనాల పక్కకు పోయినాడు.

నళిని వెనకాలే పోబోయింది. దొడ్డమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి అయినా ఉడుం పట్టు.

"వద్దమ్మా. వాళ్ళ నాయన కూడా ఆ పక్కే పెట్టుకొనేవాడు," అనింది.

కొత్త బ్యాడ్జి ఒకటి తెచ్చి ఆమె చీరకు పెట్టబోతే తోసేసింది. "దీంట్లో నా పేరు లేదు. నాకేల?"

అన్నం కూడా తినలేదు ముసలామె. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎడమ భుజం తావ రవిక లోపలి మడతను వేళ్ళతో తడుముకుంటా ఉంది. పల్లె దగ్గర దిగినాక నళిని ఏదో చెప్పబోయింది. ఆమె చెప్పనీలేదు.

"ఇంకో తూరి ఏదైనా ఉంటే నన్ను పిలవద్దమ్మా. నేను ఆశపడకుండానే బాగున్నాను," అని చెప్పి వెనక్కి చూడకుండా పోయింది.

మైకులో ఎన్నిసార్లు చెప్పినా వాకిట్లో పెట్టిన డబ్బాలో పడింది తాంబూలం తొడిమెలు, కాగితం కప్పులు, నాలుగైదు నలిగిన రిబ్బన్లు. కొన్ని బ్యాడ్జీలు ఎంగిలాకుల కుప్పలో దొరికినాయని పూర్ణిమ కడిగి తెచ్చి ఇచ్చింది. కార్డుల మీద సిరా కారిపోయి పేర్లు లేవు. పూర్ణిమ ఏడ్చింది. నళిని ఏడవలేదు. వెల్వెట్టు గుడ్డను అట్టముక్కలతో సహా చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టి, పెట్టెను మంచం కిందికి తోసేసింది.

"ఎట్లా జరిగింది?" అన్నాడు యతీశ్ షిఫ్టు నించి వచ్చి.

"బాగా జరిగింది. జనం బాగా వచ్చినారు," అనింది.

పది దినాలైనాక ఆంజప్ప షాపుకు వచ్చినాడు. చేతిలో అరటిపండ్ల సంచి ఉంది, మొహంలో ఏ కల్మషం లేదు. వచ్చే నెల చెన్నైలో మానాడంట.

"ఆ పాతది యాడ?" అనింది నళిని.

"అదా? కారులో యాడో రాలిపోయిందక్కా. అమ్మ కూడా అడగలేదే. మంచిది ఒకటి కుట్టియ్యి, పెద్దదిగా. పేరు కలైవాణి అనే వెయ్యి, సీటు ఆమె పేరు మీదే గదా ఉండేది. ఒక్కటి మాత్రం చూసుకో అక్కా, పిన్నీసు వద్దు. పోయిన తూరి దాంతో చొక్కా చినిగిపోయింది."

కత్తెర చప్పుడు కాలేదు ఆ రోజు. నళిని రిబ్బను కొలిచింది, మడతలు మడతలుగా పువ్వు చేసింది, నడిమధ్య కార్డు మీద కలైవాణి, అధ్యక్షురాలు అని చక్కగా రాసింది. తర్వాత బ్యాడ్జిని వెనక్కి తిప్పి, జేబుకు తగిలించే రేకు క్లిప్పు పెట్టి, ఊడకుండా గట్టిగా కుట్టింది.